చిన్న స్టీరింగ్ బిగిస్తే పాత పికప్ తేలికవుతుందా?

సంపాదకులకు,

అయ్యా,

పాత పికప్ బండ్లను బాగుచేయించుకుని ఆదివారం పూట బీచ్ రోడ్డులో తిప్పుకుంటున్న మన విశాఖ కుర్రకారు మీద గత వారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివి సంతోషించాను. తుక్కు కింద తూకానికి పోవలసిన బండ్లకు రంగు వేసి, ఇంజను విప్పి బిగించి, ఇంటి ముందు నిలబెట్టుకునే ఓపిక ఈ కాలపు పిల్లల్లో ఉందంటే ముచ్చటగానే ఉంటుంది. అయితే అందులో ఒక వాక్యం దగ్గర నా చదువు ఆగిపోయింది. పాతకాలపు పెద్ద స్టీరింగ్ చక్రం తీసేసి చిన్నది బిగిస్తే బండి తేలిగ్గా, చురుగ్గా తిరుగుతుందని వ్యాసకర్త రాశారు. అదే మాట నమ్మి అదే పని చేసినవాణ్ణి నేను. నా కుడిచేతి బొటనవేలు ముసురు పట్టినప్పుడల్లా ఇప్పటికీ సలుపుతుంది కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైనా ఓపికతో చదివి, వీలైతే అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను.

మా ఇంట్లో ఉన్నది విల్లీస్ పికప్. అమెరికాలో ఆ కంపెనీ 1947 నుంచి 1965 దాకా ఈ పికప్‌లను తయారుచేసింది. మా నాన్నగారు రేవు నుంచి పూర్ణా మార్కెట్‌కు సరుకు చేరవేసే కాంట్రాక్టు చేసే రోజుల్లో దీన్ని పాతబండిగానే కొన్నారు. ముంబయిలో మహీంద్రా వారు 1940ల చివర విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టడం వల్ల ఆ జాతి బండ్ల సామాను మన దేశంలో చాలాకాలం సులువుగానే దొరికింది. నాన్నగారి తర్వాత బండి పెదవాల్తేరులో మా పెరటి రేకుల షెడ్డులో కొన్నేళ్ళు మూలపడి ఉంది. నేను షిప్‌యార్డులో పైపుల విభాగంలో పనిచేసి రిటైరయ్యాక దాన్ని మళ్ళీ రోడ్డెక్కించాను. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క బండి మీద నేర్చుకున్నదే గానీ, కొలతలు, లెక్కలు మాత్రం ఆ కాలపు పికప్‌లన్నిటికీ ఇంచుమించు వర్తిస్తాయి.

మొదట "తేలిక" అన్న మాట సంగతి చూద్దాం. మా బండి అసలు స్టీరింగ్ చక్రాన్ని టేపు పెట్టి కొలిస్తే అడ్డంగా 17 అంగుళాలు వచ్చింది. నేను కొన్న చిన్న చక్రం 350 మిల్లీమీటర్లు, అంటే 14 అంగుళాలకు కాస్త తక్కువ. మన ఇళ్ళలో తిరగలి ఉండేది కదా, దాని పిడిని ఎప్పుడూ రాయి అంచు దగ్గరే దిగ్గొట్టేవారు. అదే పిడిని నడిమి చీలకు దగ్గరగా పెట్టి ఉంటే రెండు గుప్పెళ్ళ మినుములు విసిరేసరికి మా అమ్మ చేతులెత్తేసేది. స్టీరింగ్ లెక్కా అంతే. ముందు టైర్లను తిప్పడానికి చక్రం కింది స్టీరింగ్ కడ్డీ దగ్గర కావలసిన మెలి బలం బండి బరువును బట్టి, టైరును బట్టి, కడ్డీ తిప్పుడును టైర్లకు అందించే కింది స్టీరింగ్ బాక్సును బట్టి నిర్ణయమై ఉంటుంది. మనం పైన చక్రం మార్చినంత మాత్రాన అది తగ్గదు. 17 అంగుళాల చక్రాన్ని 350 మిల్లీమీటర్లకు కుదిస్తే అంచు దగ్గర చెయ్యి పెట్టవలసిన బలం దాదాపు 23 శాతం పెరుగుతుంది. అంటే అంతకుముందు 10 కేజీల తోపు సరిపోయిన చోట ఇప్పుడు 12 కేజీలకు పైగా కావాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ చూసినది ఇదే: వాల్వు పెద్దదయ్యేకొద్దీ దాని మీద తిప్పుడు చక్రం కూడా పెద్దదవుతుంది. అందం కోసం పెద్ద వాల్వుకు చిన్న చక్రం బిగించిన ఇంజనీరు నాకు ఎక్కడా తారసపడలేదు.

హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కారు అమెరికాలో మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది 1951లో, క్రైస్లర్ వారి ఇంపీరియల్ మోడల్‌తో. అది ఖరీదైన కారు. సరుకు మోసే పికప్‌ల దాకా ఆ సదుపాయం దిగిరావడానికి చాలాకాలం పట్టింది. ఈలోగా డ్రైవరుకు ఉన్న సాయం ఆ పెద్ద చక్రం ఒక్కటే. ఈ తరం పిల్లలకు అది బస్సు స్టీరింగ్ లాగా మొరటుగా కనిపించడంలో వింత లేదు. వాళ్ళు చెయ్యి పెట్టి నేర్చుకున్న ప్రతి కారులోనూ సగం పని మోటారు చేసిపెడుతోంది.

ఇక "చురుకు" అన్న మాటలో సగం నిజం ఉంది. చక్రం ఒక పూర్తి చుట్టు తిరగడానికి పెద్దదాని అంచు మీద చెయ్యి 53 అంగుళాలకు పైగా ప్రయాణం చేస్తే, చిన్నదాని మీద 43 అంగుళాలు చేస్తే చాలు. కాబట్టి చెయ్యి తొందరగా తిరిగినట్టు అనిపిస్తుంది. అయితే ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని చుట్లు తిప్పాలో అన్ని చుట్లూ తిప్పవలసిందే, ఎందుకంటే ఆ లెక్క చక్రంలో లేదు, కింద బాక్సులో ఉంది. బండి ఏమాత్రం చురుకవదు, మన చెయ్యి నడిచే దూరం ఒక్కటే తగ్గుతుంది.

ఇంత తెలిసినవాడివి నువ్వెందుకు మార్చావయ్యా అంటే, అప్పటికి తెలియదు కాబట్టి మార్చాను. పాత చక్రం ఉక్కు కడ్డీ మీద గట్టి పూత పోసి చేసినది. మా ఇంటికి సముద్రం కూతవేటు దూరంలో ఉంటుంది. ఎండకు ఆ పూత బీటలు వారింది, బీటల్లోకి ఉప్పు గాలి దూరింది, లోపలి ఉక్కు తుప్పు పట్టి ఉబ్బి బీటలను ఇంకా వెడల్పు చేసింది. ఊచలు అంచును కలిసే చోట గోరు దూరేంత సందులు ఏర్పడ్డాయి. తెల్ల చొక్కా వేసుకుని నడిపితే ఇంటికి వచ్చేసరికి కఫ్ మీద తుప్పు మరకలు. అప్పటికే మా అల్లుడు మెరుగైన అల్యూమినియం ఊచలున్న, తోలు కుట్టిన చిన్న చక్రాన్ని ఫోనులో చూపించి ఊరిస్తున్నాడు. సరే అనుకుని తెప్పించాను.

వచ్చాక గానీ తెలియలేదు, చక్రం కొన్నంత మాత్రాన బండికి ఎక్కదని. పాత బండి కడ్డీ కొసన సన్నటి పళ్ళు ఉంటాయి. వాటిలో సరిగ్గా కూర్చునే బాసు, అంటే చక్రాన్ని కడ్డీకి కలిపే నడిమి ముక్క ఒకటి కావాలి, ఆ బాసుకు చక్రాన్ని మరలతో బిగించాలి. ఈ చిన్న చక్రాలకు మరల రంధ్రాలు కూడా అన్నిటికీ ఒకే కొలతలో ఉండవు. స్టీరింగ్ చక్రాలు చేసే మోమో వారి పద్ధతిలో ఆరు రంధ్రాలు 70 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటే, నార్ది వారి పద్ధతిలో అవే ఆరు 74 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. చూపుకు తేడా తెలియదు, మర ఎక్కించబోతే తెలుస్తుంది. గాజువాక ఆటోనగర్‌లో ఒక దుకాణానికి పట్టుకువెళితే, విల్లీస్ పళ్ళకు సరిపడే బాసు బజారులో దొరకదనీ, తుక్కులో ఉన్న మరో చక్రం నడిబొడ్డు కోసి దానికి ఇనుప బిళ్ళ వెల్డింగ్ చేసి ఇస్తామనీ అన్నారు. సాయంత్రానికి నల్లరంగు కొట్టి చేతికిచ్చారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఆ దుకాణం పేరు రాయను, ఎందుకంటే తప్పు వాళ్ళదెంతో, అడగకుండా తలూపిన నాదీ అంతే.

విశాఖలో కొత్త బండి కొన్నా, పాతదానికి కొత్త భాగం వేసినా మొదటి దర్శనం ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడికే గదా. మేమూ వెళ్ళాం. నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టించి, బండిని గుడి ముందు నుంచి ఎడమకు తిప్పానో లేదో, హారను మోగడం మొదలై ఆగలేదు. చక్రాన్ని నిటారుగా పెడితే ఆగుతుంది, ఎడమకు తిప్పితే మోగుతుంది. వెనక వరుసలో పూజకు నిలబడ్డ కొత్త కార్లవాళ్ళు నన్ను చూసిన చూపులు నేను మర్చిపోలేను. కారణం చిన్నదే. ఈ బండ్లలో హారను తీగ స్టీరింగ్ గొట్టం గుండా పైకి వస్తుంది. బటన్ నొక్కినప్పుడు ఆ తీగ బండి ఇనుముకు తగిలి వలయం పూర్తయి హారను మోగుతుంది. కొత్త బాసు అడుగున వెల్డింగ్ గరుకుకు తీగ తొడుగు ఒరుసుకుని చిరిగింది. ఇన్సులేషన్ టేపు చుట్టి ఆ పూటకు గండం గట్టెక్కాను. వినాయకుడు ఆ రోజే హెచ్చరించాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అసలు దెబ్బ తగిలింది మరో పదిరోజులకు. సింహాచలం కొండ దిగుతున్నాను. పక్కన మా బావగారు, వెనక తొట్టిలో రెండు అరటిగెలలు. దిగువ మలుపులో ముందు కుడి టైరు గుంతలో పడింది. గుంతలో పడ్డ టైరు తన్నే తన్ను, టైర్ల వైపును బాక్సుకు కలిపే డ్రాగ్ లింకు అనే కడ్డీ గుండా బాక్సులోకి, బాక్సు నుంచి కడ్డీ గుండా చక్రంలోకి వస్తుంది. చక్రం చిన్నదైతే మనం పెట్టే బలం ఎంత శాతం పెరుగుతుందో, తిరిగి మన చేతిని తన్నే బలమూ అంత శాతం పెరుగుతుంది. ఈ సంగతి ఏ అమ్మకందారూ చెప్పడు. చక్రం నా చేతిలోంచి గిర్రున తిరిగింది, లోపలి ఊచ వచ్చి బొటనవేలిని కొట్టింది, బండి పిట్టగోడ వైపు మొగ్గింది. ఎడమ చేత్తో లాగి పట్టుకుని బ్రేకు మీద నిలబడితే గోడకు మూరెడు దూరంలో ఆగింది. బావగారు దిగి కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నారు. నేను మాత్రం నా బొటనవేలు చూసుకుంటూ, నాన్నగారు ఎప్పుడూ బొటనవేలిని చక్రం లోపలికి పోనివ్వకుండా అంచు మీదే ఆనించి ఎందుకు నడిపేవారో అప్పుడు అర్థం చేసుకున్నాను. పాత జీపు డ్రైవర్లందరిదీ అదే పట్టు.

ఇంటికి దగ్గర్లో, ఈ జాతి బండ్ల మీద నలభై ఏళ్ళుగా చెయ్యి చేసుకున్న ఒక మేస్త్రి ఉన్నారు. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని రెండు వేళ్ళతో అటూ ఇటూ ఊపి, "ఏటి బాబూ, ప్లే ఇంత ఉంటే కొండెలాగెక్కినావు?" అన్నారు. ప్లే అంటే టైరు కదలకుండా చక్రం ఊరికే తిరిగే దూరం. నాకది పెద్దగా ఉన్నట్టు అనిపించలేదు. ఆయన మాట్లాడకుండా సుద్దముక్క తీసి చక్రం అంచు మీద గీత పెట్టి, పాత స్కేలు ఒకటి డ్యాష్‌బోర్డుకు ఆనించి, ముందు టైరు కదిలేదాకా చక్రాన్ని నెమ్మదిగా తిప్పి చూపించారు. రెండు వైపులా కలిపి నాలుగున్నర అంగుళాలు వచ్చింది. "ఇంతేగా, ఎప్పుడూ ఉండేదే" అన్నాను. అప్పుడాయన మా అటక మీద పాత లుంగీలో చుట్టి పెట్టిన అసలు చక్రాన్ని దింపించి, బిగించి, మళ్ళీ కొలిచారు. ఈసారి ఐదున్నర అంగుళాలు.

ఈ ఒక్క అంగుళంలోనే నేను చెప్పదలచుకున్న అసలు విషయం ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 98వ నిబంధన ప్రకారం స్టీరింగ్ చక్రం దగ్గర ప్లే 30 డిగ్రీలు మించకూడదు. 17 అంగుళాల చక్రం అంచు మీద 30 డిగ్రీలంటే నాలుగున్నర అంగుళాలకు వెంట్రుకవాసి తక్కువ. ఏళ్ళ తరబడి ఆ బండి నడిపినవాడి చేతికి అదే హద్దుగా అలవాటై ఉంటుంది, డిగ్రీల లెక్క తెలియకపోయినా. మా బండి బాక్సు అరిగి ప్లే 37 డిగ్రీల దాకా పోయింది. పెద్ద చక్రం మీద అది ఐదున్నర అంగుళాలుగా కనిపించి చెయ్యి వెంటనే పసిగట్టేది. చిన్న చక్రం మీద అదే 37 డిగ్రీలు నాలుగున్నర అంగుళాలుగానే తగులుతుంది, అంటే నా చేతికి తెలిసిన పాత హద్దు దగ్గరే. చిన్న చక్రం బండిలోని జబ్బును నయం చెయ్యలేదు సరికదా, నాడి దొరకకుండా చేసింది. చక్రం మార్చాక స్టీరింగ్ బిగువుగా ఉందని నా మిత్రులకు గొప్పగా చెప్పుకున్న బిగువు ఇదే.

మేస్త్రి బాక్సు విప్పి చూపించారు. ఈ బండ్లలో ఉండేది రాస్ వారి కామ్ లీవర్ బాక్సు. కడ్డీ అడుగు కొసన మర చుట్టులాగా మెలితిరిగిన గాడి ఉంటుంది, పక్క నుంచి వచ్చే లీవరుకు రెండు మేకుల్లాంటి పిన్నులు ఉంటాయి, అవి గాడిలో కూర్చుని చక్రం తిరిగినకొద్దీ గాడి వెంట జరుగుతూ లీవరును తిప్పుతాయి. బండి ఎక్కువ కాలం నిటారుగానే పోతుంది కాబట్టి గాడి నడిమి భాగమే ఎక్కువ అరుగుతుంది. అందుకే తయారీదారు ఆ నడిమి భాగంలో గాడిని కావాలనే లోతు తక్కువగా కోసి, పిన్నులు అక్కడ బిగువుగా ఉండేటట్టు చేశాడు. మా పిన్నుల మొనలు ఒక పక్కకు చదునుగా అరిగిపోయి చెక్కిన పెన్సిలు ముల్లు విరిగినట్టు ఉన్నాయి. పక్క మూత మీది మరను బిగించి ప్లే తీసేద్దామంటే, నడుమ సరిపోయినా చివర్లకు వచ్చేసరికి పట్టేస్తుంది, మలుపు తిరిగిన బండి తిరిగి నిటారుగా రాదు. చివరికి పిన్నులున్న లీవరు మార్చాం, ముందు టైర్లను జతచేసే కడ్డీ కొసల్లోని కీళ్ళు, అంటే టై రాడ్ ఎండ్లు రెండు మార్చాం, ముందు టైర్లు పక్కకు తిరిగే ఇరుసుల దగ్గరి కింగ్ పిన్ను బేరింగులు కడిగి గ్రీజు పట్టించాం. ఆ పని అయ్యాక అదే పాత 17 అంగుళాల చక్రంతో బండి ఎంత తేలికైందంటే, చిన్న చక్రం కొన్న డబ్బును తలచుకుని నాకు నవ్వు వచ్చింది. స్టీరింగ్ బరువెక్కిందని చక్రాన్ని నిందించేవాళ్ళు ముందుగా గ్రీజు ఎక్కించే నిపుల్ రంధ్రాల్లోకి గ్రీజు నిజంగా దిగుతోందో లేదో, టైర్లలో గాలి ఎంత ఉందో చూసుకోవాలి. వెడల్పాటి టైర్లూ చిన్న చక్రమూ కలిపి బిగించుకునేవాళ్ళ మాట ఇక చెప్పనే అక్కర్లేదు.

వెల్డింగ్ బాసు సంగతి మరిచాను. దాన్ని విప్పి కిరసనాయిలుతో కడిగి చూస్తే వెల్డింగ్ చుట్టూ సగం వలయం మేర సన్నటి పగులు, నల్ల దారం పరిచినట్టు. మలుపులో గుంత తన్నిన తన్నుకు మిగతా సగం కూడా విడిపోయి ఉంటే చక్రం ఊడి నా ఒళ్ళో పడేది. స్టీరింగ్ దగ్గర వెల్డింగ్ పనికిరాదని ఇంతకంటే గట్టిగా నేను చెప్పలేను. బాసు కావాలంటే పళ్ళ లెక్క, కడ్డీ వ్యాసం సరిగ్గా చూసి ఒకే ముక్క నుంచి మంచి లేతు మీద కోయించాలి. చక్రం తీసేటప్పుడు కూడా సుత్తితో కొట్టకూడదు, ఆ దెబ్బలు కిందికి పోయి బాక్సులో బేరింగులకు తగులుతాయి. పుల్లరు పెట్టి లాగాలి, లాగేముందు కడ్డీ మీదా చక్రం మీదా ఒక్కొక్క చుక్క గుర్తు పెట్టుకోవాలి. బిగించాక ఆ ఒక్క నట్టు మీదే ప్రాణం ఆధారపడి ఉందని గుర్తుంచుకుని, నాలుగు రోజులు తిరిగాక మళ్ళీ పానా వేసి చూడాలి.

చిన్న చక్రం ఎవరికీ వద్దని నేను అనను. మా మిత్రుడొకరు భారీ మనిషి. ఆయన పాత పికప్‌లో కూర్చుంటే చక్రం అంచు తొడలకు ఒత్తుకుని క్లచ్చు మీదికి కాలు లేచేది కాదు. అది అందం కోసం పడే తాపత్రయం కాదు, అవసరం. ఆయన 15 అంగుళాల చక్రం వేయించుకున్నారు. బలం 13 శాతం పెరిగింది, బాక్సు ముందే బాగుచేయించారు గనుక ఇబ్బంది పడటం లేదు. నా లెక్కలో పవర్ స్టీరింగ్ లేని పికప్‌కు అంతకంటే కిందికి దిగడం తెలివైన పని కాదు. కొన్ని బండ్లలో పెద్ద చక్రం ఊచల మధ్య నుంచి కనబడే స్పీడోమీటరు చిన్న చక్రం అంచు వెనక దాక్కుంటుంది, అదీ కూర్చుని చూసుకోవాలి. బాసు ఎత్తు వల్ల చక్రం మనిషి మీదికి రెండు మూడు అంగుళాలు జరుగుతుంది. ఆ కాలపు స్టీరింగ్ కడ్డీ బాక్సు నుంచి గుండె దాకా ఒకే ఇనుప ఊచ. ఢీకొన్నప్పుడు డ్రైవరు మీదికి పొడుచుకురాని స్టీరింగ్ ఉండాలన్న నియమం అమెరికాలోనే 1968 జనవరి 1 నుంచి, అదీ కార్లకు, వచ్చింది. అటువంటి ఊచను గుండెకు ఇంకా దగ్గరగా తెచ్చుకునేముందు సీటు బెల్టు వేయించుకోవడం మంచిది.

చిన్న చక్రమూ కావాలి, బలమూ పెట్టకూడదు అనుకునేవారు కొత్త జీపుల పవర్ స్టీరింగ్ బాక్సు తెచ్చి బిగించుకుంటున్నారు. నడపడానికి హాయిగా ఉంటుంది, సందేహం లేదు. కానీ దానికోసం ఛాసీకి రంధ్రాలు వేయాలి, బ్రాకెట్లు వెల్డింగ్ చెయ్యాలి. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. అయితే ఛాసీలో గానీ, బాడీలో గానీ, ఇంజనులో గానీ మార్పులు చేసిన బండికి ఆ అర్హత పోతుంది. స్టీరింగ్ చక్రం ఆ మూడింటిలోకీ రాదు, పైగా అటక మీద అసలు చక్రం ఉన్నంతకాలం అరగంటలో మళ్ళీ మార్చుకోవచ్చు. ఛాసీకి పడ్డ రంధ్రాన్ని పూడ్చలేం. వీఏ నంబరు ఆశ ఉన్నవాళ్ళు ఈ తేడాను గమనించాలి. ఆ నంబరు బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదన్న షరతు కూడా ఉందని మీ వ్యాసంలో రాసి ఉంటే బాగుండేది.

మామూలు రిజిస్ట్రేషన్ మీద తిరిగే నాబోటివాళ్ళకు మరో చిక్కు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో సరిపడకుండా పోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను కింద అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్‌సీలో ఇంజను నంబరు, ఛాసీ నంబరు, రంగు, సీట్లు ఉంటాయి గానీ స్టీరింగ్ చక్రం వ్యాసం ఉండదు. మరి చక్రం మార్చడం మార్పు కిందికి వస్తుందా, రాదా? ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కు వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టర్ల మధ్య మాట తేడా రాకుండా రవాణా శాఖవారు ఒక సర్క్యులరు వేస్తే చాలు. చక్రం కొలతకన్నా ముందు సుద్దముక్కతో ప్లే కొలవమని అందులో రాస్తే నాకు మరీ సంతోషం.

మా పాత చక్రం ఇప్పుడు బండి మీదే ఉంది. బీటలను హ్యాక్సా బ్లేడుతో ఇంగ్లీషు వీ అక్షరం ఆకారంలో వెడల్పు చేసి, లోపలి తుప్పు గోకి, తుప్పు నివారణ పూత పూసి, ఎంసీల్ కూరి, ఒక రోజు ఆరనిచ్చి, నీటి ఎమరీ కాగితంతో మూడు విడతలుగా రుద్ది, నల్లరంగు కొట్టాను. వారం రోజుల తీరిక పని. ఖర్చు చిన్న చక్రం ఖరీదులో పదోవంతు కూడా కాలేదు. వేలు పెట్టి తడిమితే అతుకులు తెలుస్తాయి, కంటికి తెలియవు. బీచ్ రోడ్డు గాలికి రెండేళ్ళకోసారి మళ్ళీ ఈ పని తప్పదు.

మీ వ్యాసంలో ఫొటో వేసిన నీలం రంగు పికప్ కుర్రవాడి చక్రం నా అంచనాలో 13 అంగుళాలు మించదు, టైర్లు చూస్తే బాగా వెడల్పు. వచ్చే ఆదివారం అనుబంధంలో "చిన్న చక్రం వల్ల స్టీరింగ్ తేలికవుతుంది" అన్న వాక్యానికి సవరణ వేయవలసిందిగానూ, అతను సింహాచలం కొండ ఎక్కేలోపు ఈ ఉత్తరం అతనికి చేరేలా చూడవలసిందిగానూ ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాత పికప్ యజమాని,
పెదవాల్తేరు, విశాఖపట్నం